పైన ఇంకా పొద్దుంది

అసలు పొద్దు ఎక్కడ గుంకాలి, మనిషి కాళ్ళ కింద ఎక్కడో పదివేల అడుగుల లోతున ఉన్న నేల మీదా, లేక మనిషి కళ్ళెదుటా, కింద మసీదుల్లో అజాన్ అయిపోయి జనం ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్ళు తాగి నమాజుకి లేచే వేళకి కూడా ఆ పైన ఎర్రటి సూర్యుడు సెలవు తీసుకుని కూడా గుమ్మం దాటని చుట్టంలా నిలబడే ఉంటే, పైనున్నవాడి ఉపవాసం తీరినట్టా తీరనట్టా, ముప్పై ఆరేళ్ళుగా హమూద్ మనసులో ఈ ప్రశ్న చెప్పులో దూరిన ఇసుక రేణువులా ఉండిపోయింది, నడవనిస్తుంది, మరిచిపోనివ్వదు, రంజాన్ నెల వచ్చిందంటే మళ్ళీ గుచ్చుతుంది, ఇప్పుడు ముసన్నా నుంచి సొహార్ పోయే దారిలో, పికప్ బండి కుడివైపు అద్దంలో సముద్రం మీంచి పొద్దు పొడుస్తుంటే, పొడిచే పొద్దుని చూస్తూ గుంకే పొద్దు గురించి ఆలోచించడమేమిటని తనని తానే విసుక్కున్నాడు, పక్క సీట్లో కూతురు రయ్యా ఒళ్ళో నీళ్ళ సీసా పెట్టుకుని కూర్చుంది, సీసా మూత ఇంకా తీయలేదు, తీయాలో వద్దో చెప్పాల్సింది తనే, సొహార్ ఇంకా అరగంట.

నిన్న సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక భార్య జువైనా కాఫీ గిన్నెలు కడుగుతుంటే రయ్యా చాప మీద తండ్రి పక్కకి జరిగి కూర్చుంది, ఏదైనా కావాలంటే చిన్నప్పటి నుంచీ అలాగే జరిగి కూర్చుంటుంది, నాన్నా, రేపు నన్ను ఒంటరిగా ఎగరనిస్తారట, పట్టీలో నా పేరు ఎక్కించారు అంది, ఇంకేం తల్లీ మంచి మాట చెప్పావు అని అతను అనేలోపే, కానీ ఉపవాసం ఉన్నవాళ్ళకి విమానం ఇవ్వరు నాన్నా, పొద్దున్నే కాగితం మీద సంతకం చెయ్యాలి, ఏం తిన్నావు, ఎన్ని గంటలు పడుకున్నావు, ఉపవాసం ఉన్నావా లేదా అని ఉంటుంది, ఉన్నానని రాస్తే ఆ రోజుకి నేలే గతి అంది, మరి ఈద్ అయ్యాక ఎగరరాదా అంటే నవ్వింది, ఆ నవ్వు అచ్చం వాళ్ళమ్మది, ఈద్ అయ్యాక సైన్యం పిల్లలు నలభై మంది దిగుతున్నారు నాన్నా, ఆరు వారాలు విమానాలన్నీ వాళ్ళవే, అది అయ్యేసరికి ఎండలు ముదురుతాయి, మా జట్టు ముందుకి పోతుంది, నేను కొత్తవాళ్ళతో కలిసి మళ్ళీ మొదటి బల్ల మీద కూర్చోవాలి, నా వంతు కోసం కువైట్ కుర్రాడొకడు కాచుక్కూర్చున్నాడు, నేను తుమ్మితే చాలు ఎక్కేసేలా ఉన్నాడు అంది.

అదీ నిజమే, పదేళ్ళ కిందట సొహార్ విమానాల బడిలో గట్టిగా పాతిక మంది లేరు, ఇవాళ గదికి ముగ్గురు, భోజనశాలలో కూర్చుంటే నాలుగు దేశాల యాసలు, ఈ సముద్రం చుట్టూ ఉన్న ప్రతి రాజ్యమూ సంతలో కోడిపిల్లలు కొన్నట్టు వందల్లో విమానాలకి ఆర్డర్లిచ్చేసింది, నడిపేవాళ్ళేరీ అని ఇప్పుడు వెతుక్కుంటోంది, ప్రయాణికుల విమానాలకి కావాలి, సరుకు విమానాలకి కావాలి, సరిహద్దు కాపలాకి కావాలి, బావమరిదైతే మొన్న పందిట్లో అందరి ముందూ అననే అన్నాడు, ఇదివరకు ఆడపిల్ల పుడితే టీచరమ్మా నర్సమ్మా అని అడిగేవాళ్ళం బావా, ఇప్పుడు చేపలు పట్టేవాడి కూతురు కూడా పైలట్టేనట, రేపు మా మేకలకి కూడా ఏదైనా లైసెన్సు ఇప్పిస్తావా అని, అందరూ నవ్వారు, రయ్యా కూడా నవ్వింది, మేకలకి చూపు పరీక్ష ఉంటుంది మామయ్యా, నీకంటే అవే నెగ్గుతాయి అని, ఆ నోరు వాళ్ళమ్మది, మొండితనం మాత్రం ఎవరిదో తెలియదు, ఎందుకంటే అదే పిల్ల నిన్న రాత్రి, గదిలో ఉండే బహ్రెయిన్ అమ్మాయి మనార్ ఉపవాసం ఉండి లేనని రాసెయ్యవే, నీ కడుపులోకి ఎవరు తొంగిచూస్తారు అందట, అది చెప్పి, దేవుడి కోసం ఉండే ఉపవాసాన్ని అబద్ధంతో మొదలుపెట్టమంటావా నాన్నా, నేను పెట్టను, మానెయ్యమంటే మానేస్తాను, ఉండమంటే విమానం వదులుకుంటాను, నువ్వెలా చెబితే అలా అంది, ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, ఇంజను మీద, గాలి మీద, రేడియో మీద ఇంత లావు పుస్తకాలు నమిలేసిన పిల్ల, తన బరువంతా తెచ్చి తండ్రి నోటి మీద పెట్టింది, అతనేమో దారిలో చెబుతాలేమ్మా అన్నాడు, వంటింట్లోంచి జువైనా, ముప్పై ఏళ్ళు విమానాల్లో తిరిగాడు, ఇంట్లో బల్బు మార్చడానికి నిచ్చెనెక్కడు, అడిగిన మాటకి జవాబు మాత్రం ఎక్కి చెబుతాడా అంది.

చెప్పడానికేముంది, పసిపిల్లలకీ తెలిసిన సంగతే, ప్రయాణంలో ఉన్నవాడికి సడలింపు ఉంది, మానెయ్యొచ్చు, మానేసిన రోజుకి మరో రోజు ఉండి తీర్చుకోవాలి, వాళ్ళు చీకటుండగానే ముసన్నా దాటారు, తెల్లవారుజాము నమాజు ఖాబూరాలో దారి పక్క మసీదులో చేశారు, పొలిమేర దాటి ఎంతో దూరం వచ్చేశారు, ఏ ఇమామునడిగినా దగ్గినంత తేలిగ్గా సరేనంటాడు, పైగా అది ఊసుపోక చేసే ప్రయాణం కాదు, ఒంటరిగా ఆకాశంలోకి పోవడం, నీళ్ళు లేక కళ్ళు తిరిగితే పట్టుకునేవాళ్ళుండరు, ఇదంతా తెలుసు, తెలిసీ నోరు పెగలడం లేదు, ఎందుకంటే మానెయ్యి తల్లీ అనే మాట నాలుక చివరికి రాగానే దాని వెనకే షంబే వచ్చి నిలబడుతున్నాడు, బలిష్టమైన మనిషి, నెరిసిన మీసం, మోకాళ్ళ దాకా మడిచిన ఖాకీ, ఒరేయ్ పొడుగోడా, తాడు అలాగేనా చుట్టేది, మీ అమ్మ జడ అలాగే అల్లేదా అంటూ.

సార్జంట్ షంబే బలూచీవాడు, శనివారం పుట్టాడని ఆ పేరు, సైన్యం విమానంలో సామాను సర్దడం హమూద్‌కి నేర్పిన గురువు, ఇరవై రెండేళ్ళ వయసులో హమూద్ విమానం అంటే నడిపేవాడే అనుకునేవాడు, షంబే నవ్వేవాడు, నడిపేవాడు విమానాన్ని ముందుకి తీసుకుపోతాడురా, దాన్ని పైన నిలబెట్టేది మనం, బస్తా ఒకటి అటు ఇటు అయితే ముక్కు దించేస్తుంది అనేవాడు, ఆ డబ్బాలాంటి చిన్న విమానంలో ముసందం కొండల మీది ఊళ్ళకి బియ్యం, నీళ్ళ పీపాలు, ఒక్కోసారి మేకలు, ఒక్కోసారి నొప్పులు పడుతున్న గర్భిణులు, దిగేందుకు చాపంత చోటు, ఎక్కిన ప్రతివాడికీ షంబే చెప్పే మొదటి మాట ఒకటే, నేల మీద ఏదీ పడెయ్యకూడదు, చిల్లర నాణెం కానీ, గుండీ కానీ, నేల సందులోకి జారి తోక తిప్పే తీగల్లో ఇరుక్కుందంటే అందరం ఖురాన్ చదువుకోవాల్సిందే, మేక పెంటికలు కూడా చేత్తో ఏరేవాడు ఆ మనిషి, ఏరి జేబులో వేసుకునేవాడు, దిగాక పారేసేవాడు, ఆయన భార్య ఆ జేబులు ఉతికేటప్పుడు ఏమనుకునేదో.

ఆ రోజు రంజాన్‌లో ఇరవయ్యో రోజో ఇరవై ఒకటో, హమూద్ సహరీకి, తెల్లవారకముందు తినే తిండికి, వేళకి లేవలేకపోయాడు, అజాన్ పడేలోగా గుక్కెడు నీళ్ళు తాగి పరుగెత్తాడు, మూడుసార్లు కొండ మీదికి పోయి వచ్చారు, మూడుసార్లూ బస్తాలన్నీ ఇద్దరే మోశారు, ఆఖరిసారి ఖాళీ విమానంతో ఇంటిదారి పట్టేసరికి పొద్దు వాలింది, గాలి కోసం వెనక తలుపు తెరిచే ఉంచేవారు, ఆ రోజుల్లో అంతే, ఆ తలుపు దగ్గర వంగి తాళ్ళు చుడుతుంటే కింద కొండలు, కొండల అంచున నురగ, నురగ తెల్లగా తిరగడం మొదలుపెట్టింది, కొండలు కూడా తిరిగాయి, ఎవరో నడుముకున్న పటకా పట్టి గట్టిగా వెనక్కి లాగారు, చూస్తే షంబే, కూర్చోబెట్టి, కిటికీకి తన వీపు ఆనించి ఎదురుగా తనూ కూర్చుని, ఇంజను మోతలో చెవి దగ్గర నోరు పెట్టి, కింద అజాన్ అయిపోయిందిరా పొడుగోడా, రేడియోలో విన్నాను, ఇఫ్తార్ చెయ్యి అన్నాడు, జేబులోంచి గుడ్డ మూట తీశాడు, నల్లటి ఫర్ద్ ఖర్జూరాలు, ఒకటి తీసి హమూద్ నోటి దగ్గర పెట్టాడు, పెద్దవాళ్ళు తినకుండా నేనెలా తింటాను చాచా అని తల తిప్పితే, తనూ చెయ్యి నోటి దగ్గరికి పెట్టుకుని దవడలాడించాడు, ఇక హమూద్ తిన్నాడు, అల్లా, ఆ తీపి, ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంత హల్వా తిన్నాడో, అంత తీపి మళ్ళీ నాలుక మీదికి రాలేదు, నమిలి గింజ ఎక్కడ ఉమ్మాలా అని చూస్తే షంబే అరచెయ్యి చాచి పెట్టాడు, అందులో ఉమ్మాడు, షంబే దాన్ని జేబులో వేసుకున్నాడు, నీళ్ళు పట్టించాడు, తర్వాత లేచి ముందుకి, నడిపేవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

ఆయన లేవగానే కిటికీ బయటపడింది, కిటికీలో సూర్యుడున్నాడు, సగం కాదు, పావు కాదు, నిండుగా, కుంకుమ రంగు పళ్ళెంలా, సముద్రపు అంచుకి ఇంకా ఆనకుండా ఉన్నాడు, హమూద్ నోట్లో తీపి ఇంకా ఉంది.

చాచా పొద్దు ఇంకా ఉందే అని అడగలేదు, అడుగుదామనుకుంటూనే ఈద్ వచ్చింది, ఈద్ తర్వాత రెండు వారాలకి షంబే ఇంట్లో చెప్పులేసుకుంటూ చెప్పులేసుకుంటూ గుండె ఆగి ఒరిగిపోయాడు, పాడె మోసిన నలుగురిలో హమూద్ ఒకడు, ఆ మనిషి బరువు భుజం మీదుండగానే మొదటిసారి ఆ ఆలోచన వచ్చింది, నా ఉపవాసం చెల్లకపోతే ఈయనదీ చెల్లలేదు, నాకైతే తీర్చుకోవడానికి రోజులున్నాయి, ఈయనకి లేవు, అప్పటి నుంచీ ఎవరినీ అడగలేదు, మసీదులో ఖాజీ పక్కనే ఎన్నోసార్లు కూర్చున్నాడు, మాట గొంతు దాకా వచ్చేది, వెంటనే ఖాజీ గడ్డం నిమురుకుని చెల్లదు అంటున్నట్టు కనిపించేది, ఆ తీర్పు తన ఒక్కడి మీద పడితే పడనీ, అది సమాధిలో పడుకున్నవాడి మీద కూడా పడుతుంది, పోనీ ఎవరికీ చెప్పకుండా ఒక రోజు ఉపవాసం ఉండి తీర్చేసుకుంటే, ఒక్క పూట భోజనం, అంతేగా, కానీ ఉన్న రోజున షంబే తప్పు చేశాడని సాక్ష్యం చెప్పినట్టే, దేవుడి దగ్గర బాకీతో పోయాడని సంతకం పెట్టినట్టే, నోటికి అన్నం పెట్టినవాడి మీద సాక్ష్యం ఎలా చెబుతాడు, అందుకే ఉండలేదు, ఉండలేదు గనక మరిచిపోలేదు, నిచ్చెన కూడా ఎక్కలేదు, జువైనాకి ఇప్పటికీ తెలియదు, నిచ్చెన నాలుగో మెట్టు మీద నురగ తిరుగుతుందని.

నాన్నా, కెమెరా ఉందిక్కడ, నెమ్మది అంది రయ్యా, చూస్తే ముల్లు నూట నలభై దగ్గరుంది, కాలు తీశాడు, సహమ్ వచ్చేసింది, రోడ్డు పక్క చాయ్ కొట్లన్నీ మూత వేసి నిద్రపోతున్నాయి, ఒక లారీ నిండా పచ్చగడ్డి, దాని వెనక ఒంటె మూతి, ఏమిటాలోచిస్తున్నావు, నా గురించేనా అంది, కాదు, ఒక మనిషి గురించి, నువ్వు పుట్టకముందు పోయాడు అన్నాడు, అని ఊరుకుందామనుకున్నాడు, కానీ అద్దంలో పొద్దు ఒక మూర పైకి లేచి నేరుగా కళ్ళలోకి చూస్తోంది, దాన్ని చూస్తూ ఇక దాచలేకపోయాడు, షంబే సంగతంతా చెప్పాడు, తాళ్ళు, తలుపు, నురగ, ఖర్జూరం, కిటికీ, ముప్పై ఆరేళ్ళు జువైనాకి చెప్పనిది ముప్పై కిలోమీటర్లలో చెప్పేశాడు, పిల్ల నవ్వుతుందేమో, ఇంతేనా నాన్నా అంటుందేమో అని పక్కకి చూడకుండా రోడ్డునే చూస్తూ చెప్పాడు.

రయ్యా నవ్వలేదు, పాఠం ఒప్పజెప్పే గొంతుతో, పదివేల అడుగుల మీద ఏడెనిమిది నిమిషాలు తేడా వస్తుంది నాన్నా, కింద గుంకాక కూడా పైన ఏడెనిమిది నిమిషాలు కనిపిస్తుంది, మాకు మొదటి నెలలోనే చెప్పారు, ఎవరికి కనిపించే పొద్దు వాళ్ళదే, కాబట్టి నీది తీరలేదు అంది, అంత తేలిగ్గా, అంత నిర్దయగా, ముప్పై ఆరేళ్ళు ఏ ఖాజీ నోటి వెంట వింటానో అని భయపడ్డ మాట కన్నకూతురు సీటు బెల్టు సర్దుకుంటూ చెప్పేసింది, మరి షంబేది అన్నాడు హమూద్, రయ్యా ఏదో లెక్క చూసుకుంటున్నట్టు సీసా మూత మీద వేలితో గీస్తూ, ఆయన గింజ ఏం చేశాడు నాన్నా అంది, ఏ గింజ అన్నాడు, ఆయన తిన్న ఖర్జూరం గింజ, మీ విమానంలోనూ నేల మీద ఏదీ పడకూడదుగా, మేమూ ఎక్కగానే వంగి నేలంతా తడుముతాం, నీ గింజ అరచేతిలో పట్టాడన్నావు, జేబులో వేసుకున్నాడన్నావు, మరి ఆయన నోట్లో గింజ, ఉమ్మడం చూశావా.

చూశాడా, అరచెయ్యి కనిపిస్తోంది, ఇప్పటికీ, తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన అరచెయ్యి, మధ్యలో ఒక గింజ, తడిగా, గోధుమరంగులో, దాని వీపు మీద సన్నటి గీత, ఒకటే, రెండోది ఎప్పుడు పడింది, పడలేదు, ఆ చెయ్యి మూసుకుంది, జేబులోకి పోయింది, మింగేశాడేమో, గింజ ఎవరు మింగుతారు, దవడలాడించాడు, అవును, నోట్లో ఏమీ లేకుండా కూడా దవడలాడించొచ్చు, పసిబిడ్డకి అన్నం పెట్టే తల్లి ముందు తను నోరు తెరిచి ఆం అన్నట్టు, అల్లా, మరి ఆ తర్వాత, దిగాక, ఆ తర్వాత ఏం జరిగింది, విమానాల కొట్టం పక్కన నీళ్ళ కుళాయి, షంబే దాని ముందు గొంతుక్కూర్చున్నాడు, దోసిట్లో నీళ్ళు పట్టి నోటి దాకా తెచ్చి ఆగాడు, పెదవులు కదిలాయి, ఉపవాసం విప్పేటప్పుడు అందరూ చెప్పుకునే ఆ నాలుగు మాటలు, దప్పిక తీరినందుకు చెప్పుకునే మాటలు, ఎవరైనా రోజుకి ఒక్కసారే చెబుతారు, మొదటి గుక్కకే చెబుతారు, హమూద్ ఆ పక్కనే తాళ్ళు మోసుకుంటూ వెళుతూ విన్నాడు, విని, చాచా రెండోసారి చెబుతున్నాడేమిటి, పెద్దవాడు, భక్తి ఎక్కువ అనుకున్నాడు, అనుకుని మరిచిపోయాడు, మరిచిపోలేదు, చూడలేదు, ముప్పై ఆరేళ్ళు కిటికీలో సూర్యుణ్ణే చూశాడు, కుళాయి దగ్గర మనిషిని చూడలేదు, అది రెండోసారి కాదు, మొదటిసారే, షంబే తినలేదు, పొద్దు ఉందని ఆయనకి తెలుసు, కిటికీకి వీపు ఊరికే ఆనించలేదు, పిల్లవాడు తలుపు దగ్గర తూలుతున్నాడు, ప్రయాణంలో ఉన్నాడు, సడలింపు ఉంది, చెబితే వీడు పౌరుషానికి పోయి తినడు, అందుకని ఒక చిన్న అబద్ధం, ఒక ఖర్జూరం, తర్వాత ఎప్పుడో ఒక సాయంత్రం తీరిగ్గా, ఒరేయ్ పొడుగోడా నాకొక సంగతి చెప్పాలిరా, ఒక రోజు బాకీ ఉన్నావు తీర్చేసుకో అని నవ్వుతూ చెప్పేవాడేమో, ఆ సాయంత్రం రాకముందే చెప్పులేసుకుంటూ పోయాడు.

నాన్నా, ఏడుస్తున్నావా, బండి పక్కకి ఆపు అంది రయ్యా, ఆపాడు, సొహార్ ఓడరేవు క్రేన్లు దూరంగా కనిపిస్తున్నాయి, చెయ్యి చాచి ఆమె ఒళ్ళోంచి సీసా తీసుకున్నాడు, మూత బిగుతుగా ఉంది, ముసలి వేళ్ళు, అయినా తనే తిప్పాడు, తాగు తల్లీ, నిజంగా తాగు, కాగితం మీద నిజమే రాయి, మరో రోజు ఇద్దరం కలిసి ఉందాం అన్నాడు, ఇద్దరమా, నీకేం బాకీ నాన్నా, నువ్వు ఈ ఏడు ఒక్కటీ మానలేదుగా అంది, అంటూనే అర్థమైంది పిల్లకి, కళ్ళు దించుకుని సగం సీసా తాగింది, గొంతు కదలడం చూస్తూ హమూద్, కన్నబిడ్డ నీళ్ళు తాగడం ఇంత బాగుంటుందని ఇన్నాళ్ళూ తెలియదే అనుకున్నాడు, మూతి తుడుచుకుని ఆమె, అమ్మకి నేను చెప్పను, కానీ నిచ్చెన సంగతి చెప్పేస్తా అంది, చెప్పావంటే నడిచి పో అన్నాడు.

కంచె బయట వేప చెట్టు నీడలో బండి పెట్టుకుని చూశాడు, ముందు గురువుతో కలిసి మూడు చుట్లు, దిగింది, మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది, తర్వాత ఆ చిన్న తెల్లటి విమానం దారి చివర ఆగింది, ఒక పక్క తలుపు తెరుచుకుంది, గురువు దిగాడు, చెవులకి పెట్టుకునే సరంజామా చేత్తో పట్టుకుని, వెనక్కి చూడకుండా నడుచుకుంటూ వచ్చేశాడు, హమూద్‌కి ఆ నడక తెలుసు, బరువు దింపేసినవాడి నడక, ఇప్పుడు లోపల పిల్ల ఒక్కతే, పక్క సీటు ఖాళీ, ఒక మనిషి బరువు తగ్గింది, ముక్కు లేస్తుంది, జాగ్రత్త తల్లీ, తగ్గిన బరువుకి విమానం తొందరపడుతుంది అని కంచెకి చెబుతున్నాడు, ఇంజను గొంతు పెంచింది, చక్రాలు నేల వదిలాయి, హమూద్ చెయ్యి గాలిలో దేన్నో పట్టుకున్నట్టు బిగిసింది, పటకా, పటకా పట్టుకునేవాళ్ళు లేరక్కడ, లేకపోనీ, కడుపులో నీళ్ళున్నాయి, కళ్ళు తిరగవు, సముద్రం మీదికి పోయి, తిరిగి, ఎండలో ఒక్కసారి మెరిసి, తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒకసారి ఎగిరిపడి నేలని ముద్దు పెట్టుకుంది, ఎగిరిపడింది, అది మాత్రం జువైనాకి చెప్పకూడదు, ఒంటరిగా ఎగిరి వచ్చినవాళ్ళని బకెట్‌తో తడపడం అక్కడి ఆనవాయితీ, ఉపవాసం ఉన్న పిల్లలంతా నోళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్క చుక్క లోపలికి పోకుండా తలలు పక్కకి తిప్పుకుని మరీ ఆమె మీద నీళ్ళు కుమ్మరించారు, మనార్ అయితే ముక్కు కూడా మూసుకుంది, కువైట్ కుర్రాడు రెండు బకెట్లు పోశాడు, ఒకటి అభిమానం, ఒకటి కడుపుమంట, తడిసిన తలగుడ్డతో రయ్యా కంచె వైపు చెయ్యి ఊపింది.

ఈద్ వెళ్ళిన మూడో వారం సైన్యం పిల్లలు విమానాలన్నీ ఎక్కేస్తే రయ్యా ఇంటికొచ్చింది, సోమవారం తండ్రీ కూతుళ్ళు ఉపవాసం ఉన్నారు, పిల్లది సరే, నీకేమొచ్చింది ఇవాళ అంది జువైనా, ఒక రోజు బాకీ ఉన్నాలే అన్నాడు, ఎప్పటిదీ అంటే, నిన్ను చేసుకోకముందుదీ అన్నాడు, అయితే నా తప్పు కాదు అని ఆమె వంటింట్లోకి వెళ్ళి గోధుమలూ మాంసమూ ఉడికించిన హరీస్ కలుపుతూ నవ్వుకుంది, సాయంత్రం రయ్యా మేడ మీదికి పోదాం రా నాన్నా అంటే నిచ్చెనే ఎక్కాడు, మేడకి వేరే దారి లేదు, నాలుగో మెట్టు మీద ఒక్క క్షణం ఆగాడు, కింద జువైనా నిచ్చెన పట్టుకుని, పట్టుకున్నానులే ఎక్కు, ఇవాళ ఏమైంది నీకు అంది, నురగ తిరగలేదు, పైన పళ్ళెంలో ఫర్ద్ ఖర్జూరాలు, పడమట కొండల వెనక పొద్దు దిగింది, ఊళ్ళో అజాన్ లేచింది, ఆ వేళకే ఎంతో ఎత్తున ఒక విమానం పోతోంది, దాని పొట్ట బంగారంలా మెరుస్తోంది, వాళ్ళకి పైన ఇంకా పొద్దుంది నాన్నా అంది రయ్యా, ఉండనీ, వాళ్ళకీ గుంకుతుంది అన్నాడు, ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాడు, ఆ నాలుగు మాటలు చెప్పుకున్నాడు, ఒకేసారి, మొదటిసారి, ఆ తీపి, అదే తీపి, నాలుక మరిచిపోలేదు, షంబే చాచా, నువ్వు బాకీ లేవు, ఎప్పుడూ లేవు, బాకీ ఉన్నది నేనొక్కణ్ణే, ఇదిగో ఇప్పుడే తీరింది, రయ్యా నమలడం ముగించి గింజ ఎక్కడ వెయ్యాలా అని పళ్ళెం వైపు చూసింది, హమూద్ అరచెయ్యి చాచి పట్టాడు, ఆమె అందులో ఉమ్మింది, అతను తన గింజ కూడా దాని పక్కన పెట్టి చూశాడు, రెండున్నాయి.